ఆశమ్మ వెనక కాలు

శుక్రవారం మధ్యాహ్నం దుబాయ్ సత్వాలోని తెలుగు మెస్‌లో పప్పుచారు పోసుకుంటుంటే ఒకాయన వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. ముంజేతుల మీద ఆరిపోయిన తెల్ల సిమెంటు. గోళ్లు మాత్రం శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి, బల్ల తడిగా ఉందేమోనని చేత్తో తడిమి చూసి, నా కంచం పక్కన పరిచాడు.

"సార్, మీరు ఇంగ్లిష్ పేపర్ల పని జేస్తరట గద. గీ ఐదుగురు ఎవలో జెర చెప్పుండ్రి."

అది 2005. విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు పనిచేసి, 2002లో దుబాయ్ వచ్చి ఒక ఇంగ్లిష్ పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. దేరా అనే పేటలో కాపురం. నాకు సెలవు శుక్రవారం ఒక్కటే, ఆ మెస్‌కు వచ్చే వాళ్లందరికీ కూడా అంతే. వీసా కాగితాలు చదివి పెట్టమనీ, అర్జీ రాసి పెట్టమనీ అడిగేవాళ్లు నాకు కొత్త కాదు. దేవతల్ని పోల్చి చెప్పమన్నవాడు మాత్రం ఆయనొక్కడే.

అవి పాత నాణేల ఫొటోలు. బాగా పెద్దవి చేసి జిరాక్స్ తీశారు. ఒక్కో నాణెం మీద ఒక్కో ఆడమనిషి నిలబడి ఉంది. చుట్టూ లాటిన్ అక్షరాలు. ఒకామె చేతిలో పళ్లెం, ఇంకొకామె చేతిలో మొగ్గ, మరొకామె తలకు శిరస్త్రాణం. అచ్చు చెదిరి, పాదాల దగ్గరికి వచ్చేసరికి నల్లటి మరకలే మిగిలాయి.

"బొమ్మ ఉందిగా, చూసి చేసెయ్యొచ్చు కదా?" అన్నాను.

"బొమ్మ ఉన్నది సార్. ముఖం లేదు. నాణెం మీద ముఖమంటే నువ్వుగింజంత. ఆమె ఎవలో తెలిస్తెనే గద ముఖమొచ్చేది."

ఆ మాటతో నా భోజనం ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లలో మా డెస్కు మీదికి వచ్చిన విలేఖరుల్లో ఇంత సూటిగా ప్రశ్న వేసినవాళ్లు తక్కువ.

ఆయనది నిర్మల్. పొనికి కర్రతో బొమ్మలు చేసే నకాషీల కుటుంబం. తాత, తండ్రి, అన్న, అందరిదీ అదే పని. ఈయన ఒక్కడే గల్ఫ్ దారి పట్టాడు. అల్ కూజ్‌లో ఆయన పనిచేసే పెద్ద షెడ్డు ఉండేది. విల్లాలకూ హోటళ్లకూ స్తంభాలు, పూల తోరణాలు, విగ్రహాలు పోసి పంపేవాళ్లు. ముందు మట్టితో నమూనా చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు, ఆ అచ్చులో గాజుపీచు కలిపిన సిమెంటు పోస్తారు. మట్టి నమూనాలన్నీ ఈయన చేతివే. అందరూ మేస్త్రీ అనేవారు. కానీ లేబర్ కార్డు మీద మాత్రం ఆయన వృత్తి 'హెల్పర్'. వచ్చినప్పుడు ఏ వీసా దొరికితే ఆ వీసా మీద వచ్చాడు. తొమ్మిదేళ్లయినా అదే మాట మిగిలిపోయింది.

"సెలవు మీద ఇంటికి వోయినప్పుడు మా అన్న కార్డు జూసిండు సార్. 'మూడు తరాల నకాషీల ఇంట్ల హెల్పర్ పుట్టిండురా' అని నలుగుర్ల అన్నడు. నగుకుంటనే అన్నడు. నాకైతే ఆ పూట బువ్వ దిగలే."

ఈసారి ఒక దారి దొరికింది. కొత్తగా కడుతున్న ఒక షాపింగ్ మాల్‌లో రోము నగరం పోలికతో ఒక పెద్ద హాలు, అందులో ఐదు విగ్రహాలు. ఇటలీ నుంచి వచ్చిన కన్సల్టెంటు మట్టి నమూనాలు చూసి సరే అంటేనే అచ్చు తీయాలి. షెడ్డు మేనేజరు లెబనాన్ మనిషి, అందరూ ముదీర్ అంటారు. ఆయన మేస్త్రీకి మాటిచ్చాడు. ఐదూ మొదటి చూపులోనే పాసైతే, వచ్చే రెన్యువల్‌లో కార్డు మీద వృత్తి మార్పిస్తాను. ఒక్కటి తిప్పికొట్టినా ఆ ఊసెత్తొద్దు.

నేను కాగితాలు తీసుకున్నాను.

మా ఆఫీసు రిఫరెన్సు గదిలో విజ్ఞాన సర్వస్వాలుండేవి. డ్యూటీకి గంట ముందు వెళ్లి చదివాను. న్యూస్‌ప్రింట్ ముక్కల మీద తెలుగులో రాసుకున్నాను. రోమన్లకు మనకున్నట్టే కథలున్న దేవుళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో పాటు ఇంకో రకం దేవతలూ ఉన్నారు. మనిషిలోని మంచి గుణాన్నే దేవతను చేసి గుడి కట్టారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఒక దేవత. ఆమె పేరు ఫిదేస్. కలిసి ఉండడం కాంకోర్దియా. తల్లిదండ్రుల పట్లా దేవుళ్ల పట్లా చెయ్యవలసింది చెయ్యడం పియెతాస్. ధైర్యం విర్తూస్. ఆశ స్పేస్.

తర్వాతి శుక్రవారం ఆ చీటీలు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మేస్త్రీ ప్లాస్టిక్ స్టూలు తుడిచి వేశాడు. అచ్చులు పోసే సిరిసిల్లాయన పని ఆపి వచ్చి గోనెసంచి మీద కూర్చున్నాడు. మేస్త్రీకి ఏ వరసా కాకపోయినా 'బావా' అని పిలిచేవాడు.

చదవడం పూర్తికాకముందే మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఈమె పెనిమిటి ఎవలు సార్?"

"లేడు."

"పిల్లలు?"

"లేరు."

"వాహనం?"

"అదీ లేదు. కథే లేదు మేస్త్రీ. పేరేదో పనీ అదే."

"మరి గుళ్లె ఒక్కతే కూసుండి ఏం జేస్తది?" అన్నాడు సిరిసిల్లాయన. "ఆదివారం బోనం కూడ లేకపాయె."

మేస్త్రీ నవ్వలేదు. చాలాసేపు కాగితం వంకే చూసి, "మన ధైర్యలక్ష్మి లెక్కనా?" అన్నాడు.

నేను వారం రోజులు లావుపాటి పుస్తకాలు తిరగేసి పట్టుకున్నది ఆయన ఒక్క మాటలో పట్టేశాడు. అవునన్నాను.

"గట్ల చెప్పుండ్రి మరి. ధైర్యలక్ష్మికి మాత్రం ఏం కథున్నది? మనిషికి ధైర్యమొచ్చినప్పుడు ఆమె వచ్చినట్టు. అంతే గద."

ఆ మధ్యాహ్నం ఐదుగురికీ కొత్త పేర్లు పడ్డాయి. ఆ నామకరణానికి సిరిసిల్లాయనే పురోహితుడు. కలిపేది ఐక్యమ్మ, మాట తప్పనిది నమ్మకమ్మ, తర్వాత భక్తమ్మ, ధైర్యమ్మ, ఆశమ్మ. భక్తమ్మ తలమీద ముసుగు వేసుకుని నిప్పుల మీద సాంబ్రాణి వేస్తున్న కాగితం చూసి మేస్త్రీ, "ఈమెను నేనెరుగుదు. మా అత్త" అన్నాడు. ఆ ముఖం మూడు రోజుల్లో వచ్చేసింది. నమ్మకమ్మ గుడిలో పూజారులు కుడిచేతికి తెల్లగుడ్డ చుట్టుకునేవారని చెబితే, ఆమె కుడిచేతిని మిగతా విగ్రహమంతటి కంటే ఎక్కువ రోజులు చేశాడు. "మాట ఇచ్చేది గా చెయ్యే గద" అన్నాడు.

"గౌరవానికి లేదా సార్ గుడి?" అని ఒకరోజు అడిగాడు. ఉంది. రోములో గౌరవం గుడీ ధైర్యం గుడీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవనీ, ధైర్యం గుడిలోంచి నడిచి వెళ్తేనే గౌరవం గుడి వస్తుందనేవారనీ చెప్పాను.

"దొడ్డిదారి లేదా?" అన్నాడు సిరిసిల్లాయన.

"ఉంటే ముదీర్‌కు తెలిసుండేది" అన్నాడు మేస్త్రీ.

ధైర్యమ్మకు ఒక చిక్కు వచ్చింది. నాణెం మీద ఆమెకు ఒక పక్క రొమ్ము మీద బట్ట లేదు. ముదీర్ చూసి, కుదరదన్నట్టు రెండు చేతులూ ఊపాడు. "లా, లా! కవర్ కరో, పూరా కవర్! యే ఫ్యామిలీ మాల్ హై!" మేస్త్రీ సాయంత్రానికల్లా ఒక మడత కప్పాడు. కప్పిన గుడ్డ యుద్ధానికి బయల్దేరిన మనిషి మీద గాలికి అతుక్కున్నట్టుంది. ఐక్యమ్మ చేతిలో పండ్లు నిండిన కొమ్ముంటుంది. ఆ పండ్ల దగ్గర ఆయన్ను ఎవరూ పలకరించలేకపోయారు. కొయ్యపండ్లు చేసి రంగులు వేసిన ఇంట్లో పుట్టినవాడు. ద్రాక్షలు, దానిమ్మలు పేర్చి, మధ్యలో ఒక సీతాఫలం పెట్టాడు. రోమన్లకు సీతాఫలం తెలియదని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కళ్లు మాత్రం తెరవలేదు. రోము విగ్రహాల్లాగా కనుగుడ్డు నున్నగా వదిలెయ్యాలని డ్రాయింగులో ఉంది. నకాషీ ఇంట్లో కళ్లు దిద్దడం అన్నిటికన్నా చివరి పని, పెద్ద పని. బాధపడతాడేమో అనుకున్నాను. ఆయన హాయిగా ఊపిరి పీల్చాడు.

"మంచిగనే ఉన్నది సార్. కండ్లు తెరిస్తె దేవత, తెరవకుంటె బొమ్మ. వాళ్ల ముంగట జనం చెప్పులేసుకోని ఐస్‌క్రీం తినుకుంట తిరుగుతరు. కండ్లు తెరవకుండుడే నయం."

ఆశమ్మను చివరికి మిగిల్చాడు. ఆమె గురించి నా చీటీలో ఇంతే ఉంది: కుడిచేతిలో విచ్చుకోబోయే మొగ్గ, ఎడమచేత్తో బట్ట అంచు కొంచెం ఎత్తి పట్టుకుని ముందుకు నడుస్తుంది. ఎందుకు ఎత్తి పట్టుకుందో పుస్తకంలో లేదు. ఆ సంగతి నాకు తెలియదని నేనూ చెప్పలేదు. డెస్కులో ఒక కుర్ర సబ్ ఎడిటర్ ఇలాంటి ఖాళీ వదిలితే పదిమందిలో నిలబెట్టి అడిగేవాణ్ని. అప్పట్లో నాకు వరసగా రాత్రి డ్యూటీలు పడి మూడు వారాలు షెడ్డు వైపు వెళ్లలేదు.

తనిఖీ రోజున దుబాసీగా రమ్మని ముదీర్ స్వయంగా ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఐదు నమూనాల మీదా తడి గోనెలు తీసేసి ఉన్నాయి. ఇటలీ ఆవిడకు యాభై పైనే ఉంటాయి. మెడలో కళ్లజోడు వేలాడుతోంది. ఒక్కో విగ్రహం చుట్టూ తిరిగి, చేతిలోని ఫారం మీద టిక్ పెడుతోంది. ఐక్యమ్మ కొమ్ములో సీతాఫలాన్ని చూసి "పైన్ కోన్, బాగుంది" అంది. నేను దగ్గాను. భక్తమ్మ పాసు, నమ్మకమ్మ పాసు, ధైర్యమ్మ పాసు. మేస్త్రీ తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో టిక్కుకు ఆ తువ్వాలు ముద్దయిపోయింది.

ఆశమ్మ దగ్గర ఆవిడ ఆగింది. కళ్లజోడు పెట్టుకుంది.

నేనూ అప్పుడే చూశాను. మొగ్గ సరిగ్గా ఉంది. ఎత్తిన అంచు సరిగ్గా ఉంది. ముఖంలో ఒక రకమైన మొండితనం ఉంది, అదీ బాగుంది. పాదాలు మాత్రం నాణెంలోవి కావు. ముందు కాలు మడమ పైకి లేచి, వేళ్లు కిందికి వంగి, మెత్తటి నేలలోకి దిగబడుతోంది. వెనక కాలు చీలమండ దాకా అప్పటికే దిగిపోయింది. వేళ్లు బురదను పట్టుకున్న చోట మట్టి చిన్న అలలాగా పైకి తేలింది. నారు చేతపట్టుకుని మడిలోకి దిగే ఆడమనిషి ఆమె.

"ఈ పాదాలేమిటి?" అంది ఆవిడ.

"హెల్పర్ మిస్టేక్, మేడమ్" అన్నాడు ముదీర్ తడుముకోకుండా. "వెంటనే సరిచేయిస్తాను."

ఆవిడ నావైపు తిరిగింది. "సమాచారం ఇచ్చింది మీరట. ఇలా చూపించిన నాణెం గానీ, విగ్రహం గానీ ఎక్కడైనా ఉందా?"

ఉందని ఒక్క మాట చాలు. ఎక్కడో మారుమూల దొరికిన నాణెం అంటే ఆవిడ అక్కడికక్కడ తేల్చుకోలేదు. ఐదో టిక్కు పడేది. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది. లేదన్నాను. నేను చదివినదాంట్లో లేదు, కారణం రాయకుండా వదిలేసిన తప్పు నాది అన్నాను.

మేస్త్రీకి ఇంగ్లిష్ రాదు. 'హెల్పర్', 'మిస్టేక్' అన్న రెండు ముక్కలూ మాత్రం పట్టుకున్నాడు.

"ఏమంటున్నరు సార్?"

ఉన్నదున్నట్టు చెప్పాను. హెల్పర్ తప్పు అని ముదీర్ సర్దేస్తున్నాడని కూడా చెప్పాను. ఊరుకుంటే మేస్త్రీ మీదికేమీ రాదు. కార్డు మీది మాట అలాగే ఉండిపోతుంది, అంతే.

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"హెల్పర్ గాదు. నేను జేసిన. తప్పయితె నా తప్పు. ఆ నలుగురిని జేసింది గూడ నేనే. గట్లనే చెప్పుండ్రి, ఒక్క ముక్క తగ్గద్దు."

చెప్పాను. ముదీర్ షెడ్డు కప్పు వైపు చూశాడు. ఆవిడ మాత్రం మేస్త్రీని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. ఎందుకు ఇలా చేశావని అడగమంది.

"చీర ఎందుకెత్తిందో సార్ రాయలే. మా దిక్కు ఆడామె చీర ఎత్తి పట్టేది నాటుకు దిగినప్పుడు. వాన సక్కగ పడ్తదో లేదో తెల్వదు. పంట చేతికొస్తదో లేదో తెల్వదు. అయినా కాలు వెడ్తది. ఆశ అంటె గదే అనుకున్న."

ఒక్క ముక్క తగ్గకుండా ఇంగ్లిష్‌లోకి మార్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. నాటు అంటే ఏమిటో చెప్పడానికే ఒక నిమిషం. అవతల ఎవరో నడుపుతున్న గ్రైండరు ఆపేశారు.

ఆవిడ కళ్లజోడు తీసింది. "చాలా అందంగా ఉంది. కానీ ఇది రోము కాదు. నా పని రోము." ఒక క్షణం ఆలోచించింది. "ఆమె నేలను తాకీ తాకనట్టు నడవాలి. మార్చడానికి ఎన్ని రోజులు?"

"వన్ వీక్" అన్నాడు ముదీర్.

నేను మేస్త్రీకి చెప్పాను.

"తాకీ తాకనట్టంటె ఎట్ల? ఒక్కసారి నడిచి చూపమనుండ్రి. ఆమె ఛాయ తాగేలోపు అయితది."

ఇటలీ ఆవిడ నవ్వి, చెప్పులు విప్పి, సిమెంటు దుమ్ములో ఉత్తికాళ్లతో రెండడుగులు వేసి చూపించింది. ఒక చేత్తో ప్యాంటు అంచు ఎత్తి పట్టుకుంది కూడా. మేస్త్రీ ఆ పాదం వైపు ఒక్కసారే చూశాడు. మట్టి కోసే తీగ తీసుకుని ఆశమ్మ ముందు కాలును చీలమండ దగ్గర కోసి పక్కన పెట్టాడు. పిడికెడు మట్టి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరివైపూ చూడలేదు. బొటనవేలితో నొక్కుతున్నాడు, నీళ్లు చిలకరిస్తున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. ఎవరో తెచ్చిచ్చిన చాయ్ కప్పు ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. కాసేపటికి అక్కడొక రోము పాదం ఉంది. తేలికగా, గాలి మీద నడుస్తున్నట్టు.

ఆవిడ వెనక్కి వెళ్లి చూసింది. వెనక కాలు బురదలోనే ఉంది. మేస్త్రీ తీగ అటువైపు తిప్పాడు. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

"అది గోడవైపు వస్తుంది. ఉండనివ్వండి."

టిక్ పెట్టింది. ఫారం అడుగున 'శిల్పి' అన్న చోట కంపెనీ పేరు టైపు చేసి ఉంది. దాన్ని కొట్టేసి, మేస్త్రీ పేరు అడిగింది. ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం నా చేత చెప్పించుకుని పెద్దక్షరాలతో రాసింది. కాగితం ముదీర్ చేతిలో పెట్టింది.

ఆవిడ కారెక్కి వెళ్లిపోయింది.

"బావా, నీ ఇంటిపేరు ఇటలీకి వోయింది" అన్నాడు సిరిసిల్లాయన. "ఇగ మమ్ముల ఏడ పలకరిస్తవ్?"

ముదీర్ పెట్టిన షరతు ప్రకారం చూస్తే ఐదూ మొదటి చూపులో పాసు కాలేదు. ఆయన ఆ మాట ఎత్తనూ లేదు. పని అయిపోయిందన్నట్టు "ఖలాస్" అని ఫారం ఫైల్లో పెట్టుకున్నాడు. మాల్ వాళ్ల దగ్గర పేరు పడ్డాక ఆ పేరుగల మనిషి హెల్పర్‌గా ఎలా ఉంటాడు? మూడు నెలల తర్వాత మేస్త్రీ మా ఆఫీసు కిందికి వచ్చి ఫోన్ చేశాడు. కొత్త కార్డు రెండు చేతులతో పట్టుకున్నాడు. వృత్తి అరబ్బీలో ఉంది. నాకు రాదు. పక్క బిల్డింగులోని అరబ్బీ పత్రికలో పనిచేసే సూడాన్ మిత్రుడు సిగరెట్ తాగుతూ అక్కడే ఉన్నాడు. ఆయనకు చూపించాం.

"నహ్హాత్" అని చదివాడు. శిల్పి అని తెలిసేలా చేత్తో ఉలి పట్టుకుని కొడుతున్నట్టు అభినయించి, మేస్త్రీ భుజం తట్టాడు. "మాషా అల్లా!"

పేవ్‌మెంటు మీదున్న ఫోన్ బూత్‌లోంచి మేస్త్రీ అన్నకు ఫోన్ చేశాడు. నేను బయట నిలబడ్డాను. బయటికి వచ్చాక ముఖం తుడుచుకుని చెప్పాడు.

"నహ్హాత్ అంటె ఏందిరా అని అడుగుతుండు సార్. నాయన ఏం జేసెటోడో గదే అన్న."

"ఏమన్నాడు?"

"కార్డు జిరాక్స్ పంపుమన్నడు."

2008లో, ఆ మాల్ తెరిచిన కొన్నాళ్లకు, ఇద్దరం కలిసి వెళ్లాం. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జనం ఐస్‌క్రీం తింటూ తిరుగుతున్నారు. ఐదుగురూ ఎత్తయిన గూళ్లలో నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించుకుంటూ నడిచాడు. ఆశమ్మ గూడు మాత్రం మెట్ల పక్కన పడింది, చేతికందుతుంది. మేస్త్రీ చెయ్యి చాచేసరికి గార్డు ముట్టుకోవద్దంటూ పరుగున వచ్చాడు.

"భాయ్ సాబ్, హాథ్ మత్ లగాఓ."

"మేరాచ్ హాథ్ హై ఇస్ మే" అన్నాడు మేస్త్రీ. అందులో ఉన్నది తన చెయ్యేనని. గార్డుకు ఆ మాట అర్థం కాలేదు. మేస్త్రీ జేబులోంచి కార్డు తీసి చూపించాడు. గార్డు పెషావర్ వైపువాడు, అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, విగ్రహాన్ని చూసి, మేస్త్రీని చూసి, రెండడుగులు పక్కకు జరిగాడు.

విగ్రహానికీ గోడకూ మధ్య జానెడు సందు. "అటు జూడుండ్రి సార్" అన్నాడు మేస్త్రీ. నేను కళ్లజోడు తీసి, చెంప గోడకు ఆనించి చూశాను. ఐదు వేళ్లూ బురదను పట్టుకునే ఉన్నాయి.